గాజా పిల్లలకు లేనిది డాక్టరా, దారా?

మీరు అడిగింది ఇదీ. నర్సింగ్ మూడో సంవత్సరం సెమినార్‌కి మీకు "పాలస్తీనా పిల్లల ఆరోగ్యం" టాపిక్ వచ్చింది. ఎంత వెతికినా 2023 తర్వాతి యుద్ధం వార్తలే దొరుకుతున్నాయి. అంతకు ముందు అక్కడి పిల్లలకు సరైన వైద్యం ఉండేదా, లేక మొదటి నుంచీ ఏమీ లేని చోటేనా? మన దేశం లాంటివి మందులు, డాక్టర్లను పంపితే సరిపోదా? మొదటిదానికి జవాబు చాలామంది అనుకునేదానికి ఎదురుగా ఉంటుంది. రెండోదాని జవాబు మొదటిదాంట్లోంచే వస్తుంది. అందుకే వరసగా చెప్పుకొస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పిల్లల డాక్టర్ని. 2015 దాకా ఆరేళ్లు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో పని చేశాను. తర్వాత హైదరాబాద్ వచ్చి పోలియో నిఘా పనిలో ఉన్నాను. గాజాలో అడుగు పెట్టలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. గాజా నుంచి మా వార్డుకి వచ్చిన పిల్లల్ని చూశాను, వాళ్ల ఫైళ్లు చదివాను, వాళ్ల నానమ్మలతో, అమ్మమ్మలతో గంటల తరబడి మాట్లాడాను. తల్లులతో కాకుండా నానమ్మలతో ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఒక చిన్న పుస్తకం సంగతి. గాజా పిల్లతోపాటు దాదాపు ఎప్పుడూ ఒక తల్లీబిడ్డల పుస్తకం వచ్చేది. జపాన్ వాళ్ల సహకారంతో 2008 నుంచి పాలస్తీనాలో వాడుకలోకి వచ్చింది అది. తల్లి గర్భంతో ఉన్నప్పటి రక్తపోటు దగ్గర్నుంచి బిడ్డ బరువు, పొడవు, తల చుట్టుకొలత, ప్రతి టీకా తేదీ దాకా అన్నీ నింపి ఉండేవి. మన దగ్గర కార్డు అడిగితే "ఇంట్లో బీరువాలో ఉంది సార్" అనే జవాబు నాకు బాగా అలవాటు. ఆ నానమ్మలు మాత్రం దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పాస్‌పోర్టుతో కలిపి దాచుకునేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. వెనకబడిన చోటి నుంచి వస్తున్న పిల్ల అనుకుని ఫైలు తెరిచాను. టీకాల పేజీలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

ఇది ఊరికే జరగలేదు. 1948లో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి శరణార్థులయ్యారు. వాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబర్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. పేరు యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ, పని మొదలైంది 1950 మేలో. అక్కడి జనం దాన్ని "వకాలా" అంటారు, ఏజెన్సీ అని అర్థం. పాలస్తీనాలోని రెండు విడి ముక్కలైన గాజా, వెస్ట్ బ్యాంక్, బయట జోర్డాన్, లెబనాన్, సిరియా, ఈ ఐదు చోట్లా బడులు, ఆరోగ్య కేంద్రాలు నడుపుతుంది. మన పీహెచ్‌సీల్లాంటివే అనుకోండి, యుద్ధానికి ముందు గాజాలోనే 22 ఉండేవి. వాటిలో పనిచేసే డాక్టర్లు, నర్సులు దాదాపు అందరూ పాలస్తీనీయులే, చాలామంది అదే శిబిరంలో పుట్టినవాళ్లే. ఇజ్రాయెల్‌కీ పాలస్తీనా నాయకత్వానికీ మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందాల తర్వాత 1994 నుంచి పాలస్తీనా ఆరోగ్య శాఖ కూడా తన క్లినిక్కులు, ఆసుపత్రులు నడుపుతోంది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. గాజా శరణార్థుల్లో 1960లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 127 మంది పిల్లలు ఏడాది నిండకుండా చనిపోయేవారు. 2008 నాటికి అది 20కి దిగింది. పోల్చుకోవాలంటే, 2013లో మన దేశం సగటు 40. ఇజ్రాయెల్, ఈజిప్ట్ సరిహద్దులు బిగించిన దిగ్బంధంలో ఉన్న ఇరుకు ప్రాంతంలో పసిపిల్లల మరణాలు అప్పటి మన సగటులో సగం దగ్గర ఉన్నాయన్న మాట. పోలియో టీకా 2022లో 99 శాతం పిల్లలకు అందింది. సెమినార్‌లో మొదట ఇదే చెప్పండి. వినేవాళ్లు అనుకుని వచ్చిన బొమ్మ అక్కడే చెదిరిపోవాలి.

అయితే 2008 తర్వాత ఒక వింత జరిగింది. యాభై ఏళ్లుగా దిగుతూ వచ్చిన ఆ అంకె ఆగిపోయి, 2013 లెక్కకి 22.4కి పెరిగింది. యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ పరిశోధకులే ఈ విషయం బయటపెట్టారు. మొత్తం అంకె కొంచెమే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ లోపల చూస్తే అసలు కథ ఉంది. పుట్టిన నెల లోపు మరణాలు వెయ్యికి 12 నుంచి 20కి ఎగబాకాయి.

నర్సింగ్ చదువుతున్నారు కాబట్టి ఈ తేడా మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నెల దాటిన పిల్లల్ని చంపే విరేచనాలు, తట్టు, న్యుమోనియా లాంటివాటిని టీకాలు, ఓఆర్‌ఎస్, శిబిరంలోని క్లినిక్ చాలావరకు ఆపగలవు. నెల లోపు బిడ్డ సంగతి వేరు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్నవాళ్లు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినవాళ్లు. వీళ్లకి ఇంక్యుబేటర్, వెంటిలేటర్, ఆపకుండా కరెంటు, ఆపరేషన్ థియేటర్, అవేవీ లేకపోతే ఉన్నచోటికి గంటల్లో తీసుకెళ్లే అంబులెన్స్ కావాలి. క్లినిక్ చేయగలిగింది క్లినిక్ చేసేసింది. మిగిలింది ఆసుపత్రి పని. సరిగ్గా అక్కడే దారి మూసుకుపోయింది.

గాజా పొడవు 41 కిలోమీటర్లు, విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందు 650 చదరపు కిలోమీటర్లున్న జీహెచ్‌ఎంసీలో సగం కంటే కాస్త ఎక్కువ. జనాభా 20 లక్షల పైన, అందులో దాదాపు సగం మంది పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. యుద్ధానికి ముందు 36 ఆసుపత్రులు ఉండేవి. కానీ రేడియోథెరపీ ఎక్కడా లేదు, కొన్ని కీమో మందులు తరచూ దొరికేవి కావు, పిల్లలకు క్లిష్టమైన గుండె ఆపరేషన్లకు బయటికే పోవాలి. పోవాల్సింది ఎక్కువగా తూర్పు జెరూసలేంకి. పిల్లల గుండెకి మకాసెద్ ఆసుపత్రి, క్యాన్సర్ రేడియేషన్‌కి ఆలివ్ కొండ మీది అగస్టా విక్టోరియా. గాజా నగరం నుంచి దూరం 80 కిలోమీటర్ల లోపే. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లి ఇంకొంచెం ముందుకు పోయినంత.

ఆ 80 కిలోమీటర్లు ఎలా ప్రయాణం చేయాలో చెబుతాను. ముందు గాజా డాక్టరు "ఇక్కడ కుదరదు, బయటికి పంపాలి" అని రాయాలి. ఆరోగ్య శాఖ రిఫరల్ విభాగం ఒప్పుకుని ఖర్చు భరిస్తానని కాగితం ఇవ్వాలి. జెరూసలేం ఆసుపత్రి అపాయింట్‌మెంట్ తేదీ ఇవ్వాలి. ఆ మూడూ పెట్టుకుని పాలస్తీనా పౌర వ్యవహారాల ఆఫీసు ద్వారా ఇజ్రాయెల్ అధికారులకు పర్మిట్ దరఖాస్తు పోవాలి. పిల్ల ఒక్కతే పోలేదు కాబట్టి తోడు వెళ్లేవాళ్లకి వేరే పర్మిట్. జవాబు మూడు రకాలుగా వచ్చేది: సరే, కాదు, లేకపోతే "తహ్త్ అల్ ఫహ్స్". అంటే "పరిశీలనలో ఉంది" అని. మా వార్డులో ఆ మూడో మాటకే అందరూ భయపడేవాళ్లు. కాదంటే ఇంకో దారి వెతుక్కోవచ్చు, పరిశీలనలో ఉందంటే ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. అపాయింట్‌మెంట్ తేదీ దాటిపోతే మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనం నవ్వుతూ అనుకునే సామెత వాళ్లకి ఆసుపత్రి ప్రయాణం.

మా దగ్గరికి అమ్మాన్ రావాలంటే ఇంకో సరిహద్దు కూడా. గాజా ఉత్తర కొసన ఇజ్రాయెల్‌లోకి పోయే ఎరెజ్ గేటు దాటి, ఇజ్రాయెల్ మీదుగా, వెస్ట్ బ్యాంక్ మీదుగా, జోర్డాన్ నది మీది వంతెన దాటి రావాలి.

ఇప్పుడు నానమ్మల సంగతి. తోడు వచ్చేవాళ్లకి భద్రతా తనిఖీ ఉంటుంది. పడుచు వయసు తల్లిదండ్రులకు పర్మిట్ కష్టం, వయసు మళ్లినవాళ్లకు కొంత తేలిక. అందుకని మూడేళ్ల పిల్ల కీమోకి నానమ్మ చేయి పట్టుకుని వచ్చేది, తల్లి గాజాలో ఉండిపోయేది. ఒక పాప నాకు బాగా గుర్తు. తీవ్రమైన లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, నాలుగేళ్లు. నానమ్మకి మోకాళ్ల నొప్పి, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి మందు ఎక్కించే గొట్టం) ఎలా శుభ్రం చేయాలో నేర్పితే చేతులు వణికేవి. జ్వరం ఎంతుంటే వెంటనే రావాలో ఆవిడకి చెప్పడానికి నర్సు గోడ మీద థర్మామీటర్ బొమ్మ గీసింది. పాప మాత్రం సూది గుచ్చేముందు ఫోన్లో అమ్మ గొంతు వినిపిస్తేనే ఊరుకునేది. నెట్‌వర్క్ లేని రోజు సూది వాయిదా వేసేవాళ్లం. ఏ పుస్తకంలోనూ లేని ప్రోటోకాల్ అది.

లుకేమియా గురించి మీకు తెలిసే ఉంటుంది, కానీ ఇక్కడ నొక్కి చెప్పాలి. వైద్యం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఒక ఆపరేషన్‌తో తేలేది కాదు. విడతల మధ్య లెక్క తప్పకూడదు, తప్పితే జబ్బు కణాలకు తేరుకునే టైమ్ ఇచ్చినట్టే. గాజా పిల్లకి ఒక విడత అయి ఇంటికి వెళ్లి మళ్లీ రావాలంటే మళ్లీ పర్మిట్. అంటే ఒక్కో పిల్లకి మూడేళ్లలో పదుల సార్లు అదే పరీక్ష. చాలా సార్లు వస్తుంది, ఒకసారి రాదు. ఆ ఒక్కసారి ఏ విడత దగ్గర పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ పాపకి మూడో విడత తర్వాత "పరిశీలనలో" పడింది. ఏడు వారాలు. తిరిగి వచ్చేసరికి రక్తంలో బ్లాస్ట్ కణాలు, అంటే ఆ జబ్బు కణాలు, మళ్లీ కనిపించాయి. అప్పుడు మేము మందుల మోతాదు గురించి చాలా చర్చించుకున్నాం. సమస్య మోతాదులో లేదని అందరికీ తెలుసు, కానీ మా చేతిలో ఉన్నది మోతాదు మాత్రమే.

ఇది ఒక్క పాప కథ కాబట్టి అంకెలు కూడా చూడండి. గాజా రోగుల పర్మిట్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలనెలా లెక్కపెట్టేది. 2012లో వంద దరఖాస్తుల్లో 92 దాకా ఆమోదం పొందాయి. 2017కి అది 54కి పడింది, 2008లో లెక్క మొదలుపెట్టాక అదే అతి తక్కువ. పర్మిట్ రాకో, ఆలస్యమయ్యో ఆ ఒక్క ఏడాదే 54 మంది చనిపోయారని, అందులో 46 మంది క్యాన్సర్ రోగులని మానవ హక్కుల సంస్థలు కలిసి ప్రకటించాయి. ఆమోదం శాతం, మరణాల సంఖ్య రెండూ 54 కావడం యాదృచ్ఛికం, స్లైడ్ మీద పెట్టేటప్పుడు కలిపేయకండి.

ఇజ్రాయెల్ చెప్పే కారణం భద్రత. రోగుల వేషంలో దాడులకు, డబ్బు తరలింపుకు గేటును వాడుకుంటారని, పౌరులకూ సైన్యానికీ రెండింటికీ పనికొచ్చే వస్తువులు గాజాను ఏలిన సాయుధ సంస్థ హమాస్ చేతిలో పడతాయని వాదిస్తుంది. రేడియేషన్ యంత్రాలు, కొన్ని విడిభాగాలు లోపలికి రాకపోవడానికి కూడా ఇదే కారణం చెబుతారు. ఆ భయం పూర్తిగా కల్పితమని నేననను. కానీ నాలుగేళ్ల పిల్ల కీమో విడతకి రావడానికి ఏడు వారాల పరిశీలన ఎందుకు పట్టాలో నాకు ఎవరూ వివరించలేకపోయారు.

తప్పంతా ఒక్క గేటు మీదే వేసినా సగం నిజమే అవుతుంది. 2007లో గాజా హమాస్ చేతిలోకి, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనా అథారిటీ చేతిలోకి పోయాక, ఆ రెండు వర్గాల కొట్లాట కూడా రోగుల మీదే పడింది. 2017లో రామల్లాలోని ఆ అథారిటీ ప్రభుత్వం గాజా కరెంటు బిల్లుల చెల్లింపు తగ్గించింది, బయటికి పంపే రిఫరళ్ల మీదా బిగించింది. ఆసుపత్రులు జనరేటర్ల మీద, ఇళ్లు రోజుకి నాలుగైదు గంటల కరెంటు మీద బతికాయి. 2020 మేలో ఇజ్రాయెల్‌తో సమన్వయం తెంచుకున్నామని అథారిటీ ప్రకటించాక, పర్మిట్ దరఖాస్తు పట్టుకెళ్లే ఆఫీసే కొన్ని నెలలు పని మానేసింది. జెరూసలేం ఆసుపత్రులకు అథారిటీ బాకీలు పేరుకుపోయి కొత్త క్యాన్సర్ రోగుల్ని తీసుకోలేని పరిస్థితి కూడా వచ్చింది. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. గోరుచుట్టు మాత్రం పిల్లలదే, రోకటిపోటు ఎవరు వేసినా వాళ్లకే తగిలేది.

అయినా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బయటికి పంపడం కష్టమైతే లోపలే కట్టుకుందామని ప్రయత్నించారు. వెస్ట్ బ్యాంక్‌లోని బేత్ జాలా ప్రభుత్వ ఆసుపత్రిలో 2013లో, గాజాలోని రంతీసి పిల్లల ఆసుపత్రిలో 2019లో పిల్లల క్యాన్సర్ విభాగాలు తెరిచారు. రెండూ పాలస్తీనా పిల్లల సహాయ నిధి అనే స్వచ్ఛంద సంస్థ విరాళాలతో కట్టినవి. రంతీసి విభాగం తెరిచిన వార్త చూసి నేను హైదరాబాద్‌లో కూర్చుని నిజంగా సంతోషపడ్డాను. కనీసం కీమో కోసమైనా గేటు దాటక్కర్లేదు కదా అని.

వెస్ట్ బ్యాంక్ గురించి క్లుప్తంగా. అక్కడ దిగ్బంధం బదులు చెక్‌పాయింట్లు. 1995 ఒప్పందం ప్రకారం సుమారు 60 శాతం భూమి "సి" ప్రాంతం, పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉంటుంది. అక్కడ క్లినిక్ కట్టాలంటే అనుమతి దాదాపు దొరకదు, హెబ్రోన్ దక్షిణాన ఉండే గొర్రెల కాపర్ల ఊళ్లకి వారానికోసారో రెండుసార్లో వచ్చే మొబైల్ క్లినిక్కే దిక్కు. జెరూసలేం పోయే రోగిని చెక్‌పాయింట్ దగ్గర పాలస్తీనా అంబులెన్స్‌లోంచి దించి, అవతల నిలబడ్డ ఇజ్రాయెల్ నంబర్ ప్లేట్ అంబులెన్స్‌లోకి ఎక్కించాలి. వెంటిలేటర్ మీదున్న పసిబిడ్డని అలా మార్చడం ఎంత టెన్షనో ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) డ్యూటీ చేస్తే మీకే తెలుస్తుంది. 2000 తర్వాత రెండో ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) రోజుల్లో పదుల మంది గర్భిణులు చెక్‌పాయింట్ల దగ్గరే ప్రసవించారు.

లెబనాన్ శిబిరాల్లో సమస్య ఇంకో రకం. అక్కడి పాలస్తీనీయులకు ప్రభుత్వ వైద్యం వర్తించదు, చాలా ఉద్యోగాలు చేయడానికి చట్టం ఒప్పుకోదు. యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ క్లినిక్ వరకు ఉచితం, పెద్ద జబ్బు వస్తే ఖర్చులో కొంత భాగమే సంస్థ ఇస్తుంది, మిగతాది ఇంటివాళ్లు అప్పో చందానో తేవాలి. ఆరోగ్యశ్రీ కార్డు లేని కాలంలో మన ఊళ్లలో గుండె ఆపరేషన్ కోసం పేపర్లో ఫోటో వేయించుకున్న పిల్లలు గుర్తున్నారా? అలాంటి స్థితే. ఇక్కడ అడ్డం చెక్‌పోస్టు కాదు, పౌరసత్వం. అంతకంటే లోతుకి పోను, మీ ప్రశ్న ప్రధానంగా గాజా గురించి.

ఇక యుద్ధం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. తర్వాత గాజా మీద జరిగినదంతా మీరు వార్తల్లో చూసిందే. 50 వేల మందికి పైగా పిల్లలు చనిపోయారు లేదా గాయపడ్డారని యూనిసెఫ్ 2025 మేలో చెప్పింది. రంతీసి ఆసుపత్రిని 2023 నవంబర్‌లో ఖాళీ చేయించారు. అదే నెల అల్ షిఫా ఆసుపత్రిలో కరెంటు పోయి ఇంక్యుబేటర్లు ఆగితే, బతికి ఉన్న 31 మంది నెలలు నిండని బిడ్డల్ని 19న గాజా దక్షిణాన ఈజిప్ట్ సరిహద్దు దగ్గరున్న రఫాకి తరలించారు, మర్నాడు 28 మందిని ఈజిప్ట్ చేర్చారు. ఉత్తరాన కమాల్ అద్వాన్ ఆసుపత్రి 2024 డిసెంబర్ 27 దాకా ఎలాగో నడిచింది. ఆ రోజు దాని డైరెక్టర్, స్వయంగా పిల్లల డాక్టర్ అయిన హుసామ్ అబూ సఫియాను ఇజ్రాయెల్ సైన్యం నిర్బంధంలోకి తీసుకుంది.

మీ సెమినార్‌కి మాత్రం పోలియోని తీసుకోండి అంటాను. నా రంగం కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే. ఒక మంచి ఆరోగ్య వ్యవస్థ కూలితే ఏమవుతుందో అంత స్పష్టంగా చూపించేది ఇంకొకటి లేదు.

2016లో హైదరాబాద్ అంబర్‌పేటలో తీసిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన (చుక్కల్లోని బలహీన వైరస్ మారిపోయి తయారైన) రకం-2 పోలియో వైరస్ దొరికింది. ఒక్క పిల్లకి కూడా జబ్బు రాలేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో లక్షల మంది పిల్లలకు వారం రోజుల్లో ఐపీవీ అనే పోలియో టీకా ఇంజెక్షన్లు వేశాం. జెనీవా నుంచి డోసులు తెప్పించారు. ఇంటింటికీ తిరిగాం, బస్తీల్లో తల్లులతో తిట్లు తిన్నాం, పని అయిపోయింది. మురుగులో వైరస్ కనపడ్డాక పిల్లలో కనపడేలోపు కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పరిగెత్తగలగడమే మా పనంతా.

2024 జూన్ 23న గాజాలో ఖాన్ యూనిస్, దేర్ అల్ బలాలో తీసిన మురుగు నమూనాల్లో అదే రకం-2 ఉందని జులైలో తేలింది. జన్యు పరీక్షలో అది 2023లో ఈజిప్ట్‌లో తిరిగిన వైరస్‌కి దగ్గరిదని తేలింది. యుద్ధానికి కొంచెం ముందే లోపలికి వచ్చి ఉండవచ్చని అంచనా. మామూలు రోజుల్లో అయితే 99 శాతం టీకాలున్న జనంలో దానికి చోటు దొరికేది కాదు. కానీ అప్పటికి టీకా శాతం పడిపోయింది, ఫ్రిజ్‌లు లేవు, మురుగు శుద్ధి ఆగిపోయింది, గుడారాల మధ్య మురుగు కాలువలు కట్టింది. మేము వారంలో చేసిన పని వాళ్లు జులై అంతా చేయలేకపోయారు, ఎందుకంటే ఇంటింటికీ తిరగడానికి ఇళ్లు లేవు, తిరిగేవాళ్ల మీద బాంబులు పడవన్న హామీ లేదు. దేర్ అల్ బలాలో పది నెలల పిల్లవాడికి కాలు చచ్చుబడింది, అది పోలియోయేనని ఆగస్టులో నిర్ధారణ అయింది. గాజాలో 25 ఏళ్ల తర్వాత మొదటి పోలియో కేసు. ఆ పిల్లవాడు యుద్ధం మొదలైన రోజుల్లో పుట్టాడు, ఒక్క టీకా కూడా పడలేదు.

ఆ తర్వాత జరిగింది చదివితే నాలాంటివాడికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. సెప్టెంబర్ 1 నుంచి ప్రాంతాల వారీగా, రోజుకి కొన్ని గంటలు దాడులు ఆపేలా ఒప్పందం కుదిరింది. రెండు వేల మందికి పైగా ఆరోగ్య కార్యకర్తలు, వాళ్లలో చాలామంది గుడారాల్లోనే ఉంటున్నవాళ్లు, రెండు వారాల లోపు పదేళ్ల లోపు పిల్లలు ఐదున్నర లక్షల మందికి చుక్కలు వేశారు. చిటికెన వేలికి మన దగ్గర పెట్టినట్టే సిరా గుర్తు. రెండో రౌండ్ అక్టోబర్‌లో, ఉత్తరాన నవంబర్‌కి జరిగిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో రౌండ్, ఆరు లక్షల మందికి పైగా. తల్లులు కిలోమీటర్లు నడిచి పిల్లల్ని తీసుకొచ్చారు. పాత పుస్తకం అలవాటు పోలేదన్న మాట. దారి తెరిస్తే చాలు, మిగతాది వాళ్లే చేసుకున్నారు.

పోషకాహారం సంగతి కూడా సిలబస్‌లో ఉంటుంది కదా. మన అంగన్‌వాడీల్లో జబ్బ చుట్టుకొలత తీసే రంగుల టేపునే అక్కడా వాడతారు, 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర లోపం. వైద్యం కూడా కష్టమైనదేం కాదు, పల్లీ ముద్ద ప్యాకెట్లు, రోజూ బరువు, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్. ఏ ఏఎన్ఎం అయినా నేర్చుకోగలదు. 2025 మార్చి 2 నుంచి దాదాపు పదకొండు వారాలు గాజాలోకి ఆహారం, మందులు ఏవీ పోలేదు. ఆగస్టు 22న గాజా నగరం ఉన్న గాజా గవర్నరేట్‌లో (మన జిల్లా లాంటిది) కరువు ఉందని అంతర్జాతీయ ఆహార భద్రత వర్గీకరణ నిపుణులు నిర్ధారించారు. మధ్యప్రాచ్యంలో వాళ్లు కరువు ప్రకటించడం అదే మొదటిసారి. ఆ మాట వాళ్లు ఊరికే వాడరు: అయిదింట ఒక ఇంటికి తిండి దాదాపు లేకపోవాలి, పిల్లల్లో తీవ్ర పోషణ లోపం, రోజువారీ ఆకలి మరణాలు నిర్ణీత హద్దు దాటాలి. పాలపొడి ఉన్నా కలపడానికి మంచినీళ్లు ఉండాలి. గాజా భూగర్భ జలంలో 97 శాతం యుద్ధానికి ముందే తాగడానికి పనికిరాదు, ఉప్పు, నైట్రేట్లు ఎక్కువ. నైట్రేట్ నీళ్లతో పాలు కలిపితే పసిబిడ్డ ఒళ్లు నీలంగా మారే జబ్బు గురించి మీ పీడియాట్రిక్స్ పుస్తకంలో చూడండి.

కాళ్లూ చేతులూ పోయిన పిల్లల గురించి ఒక్క విషయం. పెద్దవాళ్లకి కృత్రిమ కాలు ఒకసారి అమర్చితే కొన్నేళ్లు నడుస్తుంది. పిల్ల పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారో అంతకు ముందో మార్చాలి, ఎముక పెరిగి తెగిన కాలి మొండి చివర పొడుచుకొస్తే మళ్లీ ఆపరేషన్. ఈరోజు మూడేళ్ల పిల్లకి కాలు పోతే పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పని మిగిలే ఉంటుంది. తలసరి లెక్కన ప్రపంచంలో అంగాలు కోల్పోయిన పిల్లలు ఎక్కువగా ఉన్న చోటు గాజాయేనని ఐక్యరాజ్యసమితి చెప్పింది. 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ వచ్చిందని ఈ లెక్క ఆగదు. అప్పటికి బయటి వైద్యం కోసం 15 వేల మందికి పైగా రోగులు జాబితాలో ఉన్నారు, అందులో నాలుగు వేలకు దగ్గరగా పిల్లలే. 2024 మేలో రఫా గేటు మూతపడ్డాక ఆ జాబితా నత్తనడకన కదిలింది.

మీ రెండో ప్రశ్నకి వస్తాను, మందులు పంపితే సరిపోదా అని. పంపారు. 2023 అక్టోబర్ 22న మన దేశం ఆరున్నర టన్నుల వైద్య సామగ్రి, 32 టన్నుల సహాయ సామగ్రి ఈజిప్ట్‌కి విమానంలో పంపింది. 2024 అక్టోబర్‌లో క్యాన్సర్ మందులతో సహా ఇంకొంత పంపింది. మంచిదే. కానీ ఆ విమానం దిగిన ఎల్ అరీష్ నుంచి రఫా సరిహద్దు దాదాపు 45 కిలోమీటర్లు. పాపకి ఏ తనిఖీ ఉందో మందుల పెట్టెకీ అదే తనిఖీ. ఆక్సిజన్ పరికరాలు, జనరేటర్లు తిరస్కరణకు గురయ్యాయని సహాయ సంస్థలు పదే పదే రాశాయి. డాక్టర్లూ అంతే. గాజాలోనే రెండు వైద్య కళాశాలలు ఉండేవి, వాళ్ల డాక్టర్లు మనకంటే తక్కువేం కాదు. బయటి సర్జన్లు వెళ్లడం వల్ల ఉపయోగం ఉంది, కానీ వాళ్లు ఆపరేషన్ చేసి వచ్చేశాక కట్టు మార్చాల్సింది, ఫిజియో చేయించాల్సింది అక్కడి నర్సే.

సెమినార్‌కి ఒక సలహా. చనిపోయినవాళ్ల సంఖ్యతో మొదలుపెట్టకండి, అది రేపటికి మారిపోతుంది, క్లాసులో ఎవరో ఒకరు వాదనకి దిగుతారు. ఒక పిల్ల ఫైలు ఊహించి తేదీలు వేయండి: జబ్బు తెలిసిన రోజు, రిఫరల్ రాసిన రోజు, అపాయింట్‌మెంట్ రోజు, పర్మిట్ వచ్చిన రోజు, వైద్యం మొదలైన రోజు. పక్కనే అదే జబ్బున్న కరీంనగర్ పిల్ల తేదీలు వేయండి, నిమ్స్‌కో నీలోఫర్‌కో చేరడానికి పట్టినవి. ప్రతి అంకె పక్కన అది గాజాదా వెస్ట్ బ్యాంక్‌దా, ఏ సంవత్సరానిదో రాయండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. స్లైడ్లు తయారయ్యాక పోలియో భాగం నాకు చూపిస్తే తప్పులుంటే సరిదిద్దుతాను.